ఇంటికో మ్యూజిక్ వీడియో

తుమ్మలమెట్ట పురపాలక సంఘంలో కుళాయి బాగుచేయించుకోవాలన్నా, వీధి దీపం వెలిగించుకోవాలన్నా, చచ్చిన కుక్కను ఎత్తించుకోవాలన్నా ముందుగా పాట పాడాలనే నిబంధన వచ్చిన సంగతి కోటేశ్వరికి తెలియదు. తెలిసి ఉంటే ఆ రోజు పిల్లను చంకనేసుకుని ఆఫీసుకి బయల్దేరేటప్పుడు కాస్త గొంతు సవరించుకుని వెళ్ళేది.

ఆమె వెళ్ళింది కాలువ మీద బండ కోసం. వాళ్ళ ఇంటి గుమ్మం దిగగానే మురుక్కాలువ. దాని మీదుండే నాపరాయి బండను మునిసిపాలిటీ చెత్త ట్రాక్టరే వెనక్కొస్తూ ఎక్కి, రెండు ముక్కలు చేసి, ఆ ముక్కల్ని కాలువలోనే వదిలేసి, హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. అప్పటికి పండు ఇంకా పాకుతోంది కాబట్టి ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత పండుకి నడక వచ్చింది.

ఆ నడక ఒకే దిక్కుకి వచ్చింది. ఇంట్లో బొమ్మలున్నాయి, పెరట్లో కోళ్ళున్నాయి. అయినా సరే, నిలబడ్డ మరుక్షణం ఆ పిల్ల మొహం కాలువ వైపుకి తిరిగేది. కోటేశ్వరి ఒక కన్ను పొయ్యి మీద, ఒక కన్ను గుమ్మం మీద పెట్టి వండేది. రెండు చెవులూ పిల్ల కాలి మువ్వల మీదే. రోజూ అన్నం అడుగంటేది. నిద్రలో కూడా "పండూ" అని ఉలిక్కిపడి లేచి, పక్కలో పిల్లను తడిమి చూసుకునేది. అత్తగారు సామ్రాజ్యం ఒక ఉపాయం చేసింది. పాత చీర చింపి ఒక కొస పిల్ల నడుముకీ, ఇంకో కొస మడత మంచం కోడుకీ కట్టింది. పండు కాసేపు ఆలోచించి, మంచాన్ని కూడా లాక్కుంటూ కాలువకి బయల్దేరింది.

"ఇదిక మనవల్ల కాదే, ఆఫీసుకి పో" అంది సామ్రాజ్యం.

ఫిర్యాదుల కిటికీ దగ్గర గుమాస్తా కోటేశ్వరిని ఎగాదిగా చూశాడు.

"ఇంటి వీడియో తెచ్చావా అమ్మా?"

"ఇంటి పన్ను కట్టేశామండీ."

"పన్ను కాదు, వీడియో. మ్యూజిక్ వీడియో."

"కాలువ మీద బండ పోయిందండీ. మా ఇంట్లో నడక నేర్చిన పిల్లుంది."

"అదేనమ్మా నేను చెప్పేది. ఆ బాధని పాటగా తియ్యాలి. యువతకి నచ్చితే బండ వచ్చిద్ది. మాటలతో చెప్పే ఫిర్యాదులు తీసుకోవటం మానేశాం."

కోటేశ్వరి వెనక్కి తిరిగి చూసింది. లైన్లో ఉన్న పెద్దాయన కళ్ళు మూసుకుని ఏదో రాగం తీసుకుంటున్నాడు. ఆయన వచ్చింది వాళ్ళావిడ మరణ ధ్రువీకరణ పత్రం కోసం. చనిపోయినవారి తరఫున కుటుంబ సభ్యులు పాడవచ్చని గోడ మీద రాసి ఉంది.

ఇదంతా ఎలా వచ్చిందంటే, ఆ మధ్య రాజధాని నుంచి పెద్ద అధికారి ఒకాయన వీడియో కాన్ఫరెన్సులో అన్ని ఊళ్ళ కమిషనర్లతోనూ మాట్లాడారు. మన మాట యువతకి చేరటం లేదని బాధపడ్డారు. వార్డు సభలకి వచ్చేవాళ్ళలో ఎవరికైనా నల్ల జుట్టుంటే అది రంగు వేసుకున్న జుట్టేనన్నారు. "యువత ఏం చూస్తోంది? ఇండీ మ్యూజిక్ వీడియోలు చూస్తోంది. వాటిలో పెద్ద హీరోల్లేరు, వెనకాల వందమంది డాన్సర్లూ లేరు. తమలాంటి పిల్ల, తమ సందులాంటి సందు, తమ ఇంట్లో మాట్లాడుకునే మాట. అబద్ధం లేదు కాబట్టి ఆకట్టుకుంటున్నాయి. కనుక ప్రతి పురపాలక సంఘమూ ఇండీ మ్యూజిక్ వీడియోల బాటలో..." అన్నారు. సరిగ్గా అప్పుడే తుమ్మలమెట్టలో కరెంటు పోయి జనరేటరు అందుకుంది. ఆ గడగడలో ఇక్కడి కమిషనర్ దైవాధీనం గారికి 'ఇండీ' అన్నది 'ఇంటి' అని వినిపించింది.

దైవాధీనం గారు నిష్ఠగల అధికారి. ఆయనకి ఇష్టమైనవి ప్రపంచంలో రెండే: మైకు, శిలాఫలకం. మైకు దొరికితే వదలరు, ఫలకం దొరికితే ఖాళీ వదలరు. ఆయన తన పక్కన కూర్చున్న శానిటరీ ఇన్‌స్పెక్టర్ పానకాలరావు వైపుకి వంగి "ఇంటి అనేనా అన్నారు?" అని అడిగారు.

"ఇంటి అనే సార్. ఇంటి నంబరు, ఇంటి పన్ను, ఇంటి మ్యూజిక్ వీడియో. వరసలో చక్కగా కుదిరింది సార్" అన్నాడు పానకాలరావు.

ఆ సాయంత్రానికే ఉత్తర్వు తయారైంది. పట్టణంలో ప్రతి ఇంటికీ ఒక మ్యూజిక్ వీడియో ఉండవలెను. అది లేని ఇంటికి సేవలు ఉండవు. ఇంటి వీడియోలను యువతకు చూపి, వారి మెప్పు పొందిన ఇళ్ళ సమస్యలను మాత్రమే పరిష్కరించవలెను.

ఆఫీసులో కంప్యూటర్ దగ్గర పనిచేసే ప్రసన్న అనే అమ్మాయి ఉంది. ఆఫీసు మొత్తంలో వయసులో ఉన్న మనిషి ఆమె ఒక్కతే. ఆమె ఉండబట్టలేక వెళ్ళి చెప్పింది.

"సార్, అది ఇంటి కాదు సార్, ఇండీ. పెద్ద కంపెనీలేం లేకుండా పిల్లలు సొంతంగా చేసుకునే పాటల్ని అలా అంటారు."

దైవాధీనం గారు కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడమ్మా, 'ఇండీ' అనే మాట పురపాలక చట్టంలో ఎక్కడైనా ఉందా?"

"లేదు సార్."

"'ఇల్లు' ఉందా?"

"ఉంది సార్."

"మరి చట్టంలో లేని మాటని ప్రభుత్వం ఎందుకు పలుకుతుంది? నీకు సరిగా వినపడి ఉండదు. ఎప్పుడూ చెవుల్లో అవేవో పెట్టుకుంటావు కదా."

ఆ విధంగా ఇంటి వీడియోల శకం మొదలైంది. పానకాలరావుని శానిటరీ ఇన్‌స్పెక్టర్ పదవి నుంచి యువాభిరుచి పరిశీలనాధికారిగా మార్చారు. అంతవరకూ ముక్కుతో చేసిన ఉద్యోగం ఇక చెవులతో చెయ్యాలి. చేతి తొడుగులు మాత్రం ఆయన మానలేదు. పాటలొచ్చే ఫోన్లను కూడా రబ్బరు తొడుగులతోనే పట్టుకునేవాడు.

కోటేశ్వరి మొదటి వీడియోని మొగుడి ఫోనుతో తానే తీసింది. కాలువ ముందు నిలబడి, "అయ్యా, ఇది మా ఇంటి ముందర కాలువ. దీని మీద బండ మీ ట్రాక్టరే పగలగొట్టింది. మాకు చిన్నపిల్లుంది. దయచేసి బండ వేయించండి" అని చెప్పింది. పాట లేకపోతే తిప్పి పంపుతారేమోనని సామ్రాజ్యం చివర్లో "లలలా లాలలా" అంది.

పానకాలరావు దాన్ని చూసి నిట్టూర్చాడు.

"ఏందమ్మా ఇది? సమస్య ఇంత స్పష్టంగా కనపడుతోందేం?"

"కనపడాలనే తీశానండీ."

"అదే లోపం. ఇంటి మ్యూజిక్ వీడియోలో బాధ ఉండాలి గానీ దేనికో తెలియకూడదు. నేను రాత్రింబవళ్ళు పరిశీలించి చెబుతున్నా. యువత సూటిగా చెబితే నమ్మదు. కిటికీ ఏదీ? వాన ఏదీ? కిటికీలోంచి ఎటో చూసే యువకుడేడీ?"

"మా ఇంటికి ఒకటే కిటికీ అండీ, వంటింట్లో. దాంట్లోంచి చూస్తే పక్కింటోళ్ళ బాత్రూమ్ గోడ."

పానకాలరావు కుర్చీలోంచి లేచాడు. "గోడా! అదే ఒంటరితనం! అదే తియ్యండి!"

తీశారు. కోటేశ్వరి మొగుడు పోలయ్య నూలు మిల్లులో పనిచేస్తాడు. డ్యూటీ దిగొచ్చి అన్నానికి కూర్చోబోయే మనిషిని లేపి కిటికీ దగ్గర నిలబెట్టారు. సామ్రాజ్యం డాబా ఎక్కి, చేలో పురుగుల మందు కొట్టే పంపుతో వాన కురిపించింది. పోలయ్య ఎటో చూడమంటే చూశాడు. ఆ ఎటోలో పక్కింటి కొత్త కోడలు స్నానానికి వెళుతోంది. తర్వాత కాసేపు వీధిలో జరిగింది పాట కాదు. ఆ ఇంటివాళ్ళ నోళ్ళు మూయించేసరికి పోలయ్యకి ఆకలి చచ్చిపోయింది.

"ఛీ, బండ మనమే కొనుక్కుందాం పదవే" అన్నాడు.

అదీ ప్రయత్నించారు. నాపరాళ్ళ కొట్టువాడు, ఇంటి వీడియో ఆమోదం లేకుండా కాలువ మీద సొంత బండ వేస్తే ఆక్రమణ కింద తీసేస్తారని చెప్పి పంపించాడు.

అప్పుడొచ్చింది ప్రసన్న, ఆఫీసు నుంచి ఇంటికి వెళ్ళే దారిలో. ఫిర్యాదుల కిటికీ దగ్గర కోటేశ్వరి పడ్డ పాట్లు ఆమె చూసింది.

"అక్కా, నేను తీసిపెడతా. నువ్వేం చెయ్యొద్దు. మామూలుగా ఉండు, చాలు" అంటూ గుమ్మం పక్కన ఫోను సర్దసాగింది. సామ్రాజ్యం అరుగు మీద రోట్లో పచ్చడి దంచుతోంది. కోటేశ్వరి చీర కొస విప్పి పిల్లకి గౌను మారుస్తోంది.

పండుకి కావలసింది ఆ ఒక్క క్షణమే. గౌను సగం తలలోకి ఎక్కీ ఎక్కక ముందే జారుకుని మువ్వలు మోగించుకుంటూ పరుగెత్తింది.

"అటు కాదే! పండూ, ఇటు!"

రోకలి దబ్ మంది. మువ్వలు ఘల్లుమన్నాయి.

"అటు కాదే, నా తల్లే, ఇటు! ఇటు రావే, పండూ, ఇటు!"

సామ్రాజ్యం చెయ్యి ఆపలేకపోయింది. భయంలో మనిషి చేస్తున్న పని ఆపదు, ఇంకా గట్టిగా చేస్తుంది. దబ్, దబ్. కోటేశ్వరి జుట్టు ఊడిపోయింది, చెప్పు జారింది, గొంతు పైకెళ్ళి మధ్యలో జీరబోయింది. కాలువ అంచున పండు ఒక కాలెత్తి, వెనక్కి తిరిగి, అమ్మని చూసి కిలకిలా నవ్వింది. ఆ ఎత్తిన కాలు దిగేలోపు కోటేశ్వరి పిల్లను ఎగరేసి ఎత్తుకుంది. వీపు మీద ఒక్కటేసింది. వేసి, పిల్ల కంటే ముందు తనే ఏడ్చింది.

ప్రసన్న ఫోను ఆపటం మర్చిపోయింది. అంతా వీడియోలోకి ఎక్కేసింది.

"అక్కా," అంది మెల్లగా, "ఇదే పంపిద్దామా?"

"ఏదో ఒకటి పంపవే తల్లీ. బండొస్తే చాలు."

ప్రసన్న ఆఫీసు పేజీలో 'అటు కాదే, ఇటు' అని పేరు పెట్టి ఎక్కించిన ఆ వీడియో మర్నాటికి తుమ్మలమెట్ట దాటింది. వారం తిరిగేసరికి ఎక్కడెక్కడి పిల్లలో దాన్ని చూస్తున్నారు. కాలేజీల్లో రింగ్‌టోన్ అయింది. ప్రసన్న వచ్చి వీడియో కింద జనం రాసినవన్నీ చదివి వినిపించేది. 'మా అమ్మ గుర్తొచ్చి ఏడ్చేశా.' 'ఆ గొంతు పగిలే చోట చూడండి, ఏ సింగర్ వల్లా కాదు.' 'రోలు వాయించేది ఎవరు బ్రో, పిచ్చెక్కిస్తోంది.' 'ఈ కాలువ ఎక్కడుంది?'

"బండ ఎందుకు లేదని ఎవరూ అడగలేదా?" అంది కోటేశ్వరి.

ప్రసన్న ఫోను పైకీ కిందికీ జరిపి జరిపి చూసింది. "లేదక్కా."

తర్వాత జనం రావటం మొదలైంది. నీలం జుట్టువాళ్ళు, చిరిగిన పాంట్లవాళ్ళు, ఎండలో ఉన్ని టోపీలు పెట్టుకున్నవాళ్ళు, అందరూ పాతికలోపువాళ్ళే. పాపం మంచి పిల్లలే. కాలువ పక్కన కూర్చుని, కాలువ తప్ప మిగతా దిక్కులన్నీ చూస్తూ వీడియోలు తీసుకునేవాళ్ళు. సామ్రాజ్యానికి 'బీట్ ఆంటీ' అని పేరు పెట్టారు.

"ఆంటీ, ఒక్కసారి దంచండి ఆంటీ, ప్లీజ్."

"ఏం దంచమంటావురా? రోట్లో ఏమీ లేకుండా దంచితే రోలు అరిగిద్ది. నీ జుట్టేందిరా అట్టా ఉంది, నీలిమందులో ముంచారా?" అనేది సామ్రాజ్యం. అనేదే గానీ, వాళ్ళొచ్చే వేళకి ఉతికిన చీర కట్టుకుని రోలు ముందు కూర్చునేది.

ఇక బండ ఖాయమనుకుంది కోటేశ్వరి. పిల్లను చంకనేసుకుని మళ్ళీ ఆఫీసుకి వెళ్ళింది. ఈసారి కిటికీ దగ్గర ఆపలేదు. నేరుగా కమిషనర్ గదిలోకి తీసుకెళ్ళారు. దైవాధీనం గారు లేచి నిలబడి శాలువా కప్పారు. పానకాలరావు తొడుగులు తియ్యకుండానే చప్పట్లు కొట్టాడు.

"అమ్మా కోటేశ్వరీ! రాష్ట్రంలో ఏ పట్టణానికీ దక్కని యువాకర్షణ ఈ పట్టణానికి దక్కింది. ఏం కావాలో కోరుకో."

"బండ కావాలండీ."

"ఏ బండ?"

"కాలువ మీద బండండీ. దానికోసమే కదండీ పాట."

 గదిలో అందరూ, గుళ్ళో విగ్రహాన్ని పెకలించుకుపోతానన్న మనిషిని చూసినట్టు చూశారు ఆమె వంక. పానకాలరావే ముందు తేరుకున్నాడు.

"బండ వేస్తే లొకేషన్ ఏమైపోవాలమ్మా? బండ లేకపోవటమే కదా అందులో ఆర్తి!"

"పిల్ల పడిద్దండీ."

"పడుతుందేమో అన్న ఆ ఉత్కంఠే యువతని పట్టి ఉంచుతోంది" అన్నారు కమిషనర్ ఎంతో సానుభూతితో. "నీ బాధ నాకు అర్థమైంది. కానీ ఆ కాలువ ఇప్పుడు నీ ఒక్కదానిది కాదు. అది యువతది. వచ్చే శుక్రవారం నేనే స్వయంగా వచ్చి దాన్ని యువ గాన కాలువగా ప్రకటిస్తున్నాను. బండ అడిగావు కాబట్టి నిన్ను ఉత్త చేతులతో పంపను. ఒక శిలాఫలకం పెట్టిస్తాను."

ఫలకం ముందే దిగింది. నల్ల గ్రానైటు, ఇంటి తలుపంత ఉంది. కమిషనర్ గారి పేరు, చదువు, బిరుదులు, వాటి కింద పానకాలరావు పేరు, ఆ కింద ఇంకా చోటు మిగిలితే కాంట్రాక్టరు పేరు. కాలువ పేరు అడుగున చిన్న అక్షరాల్లో పట్టింది. దాన్ని కాలువ పక్కన నాలుగు ఇటుకల మీద నిలబెట్టి, పసుపు గుడ్డ కప్పారు. కాలువ అంచుల వెంట రంగురంగుల బల్బుల తీగలు చుట్టారు. అంతకుముందు పండుకి కాలువ మీద ఇష్టం ఉండేది. బల్బులు పెట్టాక భక్తి కుదిరింది.

శుక్రవారం వీధి నిండా జనం. మైకు సర్దుతున్నారు. కోటేశ్వరి పిల్లను కిందికి దించలేదు. కానీ ఎవరో మీదపడి "అక్కా, ఒక్క సెల్ఫీ" అంటే చంక మార్చుకోబోయింది. పండు చేప పిల్లలా జారింది.

"అటు కాదే!" అని కేక పెట్టింది కోటేశ్వరి.

ఆ మాట వినగానే వీధి మొత్తం సంబరంగా అరిచింది. ఫోన్లన్నీ పైకి లేచాయి. "లైవ్, లైవ్" అన్నారెవరో. పండు బల్బుల దాకా వెళ్ళింది. ఒక కాలు తీగ దాటింది. పిల్ల చుట్టూ ఎన్ని చేతులున్నాయో, అన్నింటిలోనూ ఫోన్లే. పిల్లను పట్టుకోవటానికి ఖాళీగా ఉన్న చెయ్యి ఒక్కటీ లేదు. "పట్టుకోండి! ఎవరన్నా పట్టుకోండి!" అంది కోటేశ్వరి. "ఇటు రావే పండూ, ఇటు!" అని వాళ్ళంతా కోరస్ అందుకున్నారు.

జనాన్ని మోచేతులతో నెట్టుకుంటూ వెళ్ళి, నడుం దాకా దిగిపోయిన పిల్లను గౌను పట్టుకుని పైకి లాగింది కోటేశ్వరి. ఒక చెప్పు కాలువలో పోయింది. చప్పట్లు మోగాయి.  కోటేశ్వరి పిల్ల కాళ్ళు కొంగుతో తుడుస్తూ, పక్కనున్న నీలం జుట్టు పిల్లాడి వంక చూసింది. వాడి మొహం పాలిపోయి ఉంది. "పాటనుకున్నా అక్కా" అన్నాడు.

సరిగ్గా అప్పుడే దైవాధీనం గారు మైకు అందుకున్నారు.

"యువతీ యువకులారా! పురపాలన అనగా నేమి? పురము, పాలన. ముందుగా పురము అనగా నేమో చూద్దాము..."

కోటేశ్వరి అరుగు మీద కూలబడి పిల్లను భుజానేసుకుంది. ఏడవటానికి కూడా ఓపిక లేదు. కాసేపటికి భుజం మీద బరువు మారినట్టయింది. చూస్తే పండు నిద్రపోతోంది. పగటి పూట ఆ పిల్ల కన్ను మూసి ఎన్నాళ్ళయిందో. ఇదేం వింతని కోటేశ్వరి తలెత్తింది. కమిషనర్ గారు పురము ముగించి పాలనలోకి వచ్చారు. వీధి చివర నుంచి ఒక్కొక్కళ్ళే మెల్లగా బండ్లు స్టార్ట్ చెయ్యకుండా నెట్టుకుంటూ పోతున్నారు. ఉన్ని టోపీలు పోయాయి. చిరిగిన పాంట్లు పోయాయి. నీలం జుట్టు పిల్లాడు చెవుల్లో ఏదో పెట్టుకుని గోడ దూకాడు. పసుపు గుడ్డ తీసేసరికి మిగిలింది మునిసిపల్ సిబ్బంది, మైకు సెట్టువాడు, సామ్రాజ్యం.

కోటేశ్వరి బడి తొమ్మిదో తరగతి మధ్యలో ఆగిపోయింది. చదివినంతలో చరిత్రా గుర్తులేదు, లెక్కలూ గుర్తులేవు. కానీ ఆ రోజు కళ్ళముందు జరిగింది మాత్రం బాగా ఒంటబట్టింది.

మర్నాడే వెళ్ళి కమిషనర్ గారి ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"సార్, ప్రసన్న రెండో పాట తీద్దామంటోంది. అందులో మీరుండాలి సార్."

"నేనా?" దైవాధీనం గారి చెయ్యి తెలియకుండానే దువ్వెన కోసం వెళ్ళింది. "నేను పాడలేనే."

"పాడొద్దు సార్. నిన్న మాట్లాడారే, అట్టా మాట్లాడండి. ఒక్క ముక్క కూడా తగ్గించొద్దు."

"యువతకి నచ్చుతుందంటావా?"

"నిన్న మా పండుని చూశారుగా సార్. కిక్కురుమనలేదు."

ఆయన కళ్ళు చెమర్చాయి. "పసిమనసు!" అన్నారు.

కాలువ ముందు ఫలకం పక్కన నిలబడి మాట్లాడారు. కిటికీలోంచి ఎటో చూడమని పానకాలరావు ఎంత బతిమాలినా వినలేదు. ప్రజాసేవకుడు ప్రజల కళ్ళలోకే చూస్తాడన్నారు. మురుగు నిర్వహణలో మూడు దశలు, వాటి ఉపదశలు, ఈ పట్టణ అభివృద్ధికి తాను కన్న కలలు, ఆ కలల అమలుకు ఏర్పడిన కమిటీలు, అన్నీ వచ్చాయి. వెనకాల పానకాలరావు రబ్బరు తొడుగులు ఊపుతూ లయ చూపించాడు. ప్రసన్న ఒక్క చోట కూడా కత్తిరించకుండా, అదే పేజీలో, అదే పేరు మీద విడుదల చేసింది.

తర్వాత ఆమె వచ్చి కింద రాసినవి చదివింది. మొదట్లో 'ఇదేంటి బ్రో' అని ఉన్నాయి. 'ప్రభుత్వ యాడ్ అంట' అని ఉన్నాయి. ఆ తర్వాత ఒకళ్ళు రాసిన మాటతో అంతా ఐపోయింది. 'ఇది మా నాన్న లైక్ చేశాడు. నేను వెళ్ళిపోతున్నా.'

అంతే. రింగ్‌టోన్లు మారిపోయాయి. వీధి ఖాళీ అయింది. ఆ తర్వాత కాలువ చూడటానికి ముగ్గురు రిటైర్డు ఉద్యోగులు మాత్రం వచ్చి, ప్రసంగంలో రెండో ఉపదశ గురించి చర్చించుకుని వెళ్ళారు. సామ్రాజ్యం రెండు రోజులు ఉతికిన చీర కట్టుకుని రోలు ముందు కూర్చుని, మూడో రోజు పాత చీరలోకి వచ్చేసింది.

"ఆ నీలం జుట్టోడన్నా రాలేదేందే" అంది కాస్త బెంగగా.

ఆఫీసులో సమీక్షా సమావేశం జరిగింది. యువత ఎందుకు పోయిందనే దాని మీద అందరూ గంభీరంగా చర్చించారు. తప్పు కాలువదేనని తేలింది. సదరు కాలువకు యువాకర్షణను నిలుపుకునే సామర్థ్యం లేనందున దాని హోదాను రద్దు చేయడమైనదని పానకాలరావు స్వయంగా వచ్చి గుమ్మంలో నిలబడి చదివాడు. బల్బుల తీగలు చుట్టచుట్టుకున్నాడు. వెళ్ళబోతూ ఫలకం దగ్గర ఆగి గొంతు తగ్గించాడు.

"ఇదిగో చూడమ్మా, రాజధాని నుంచి పెద్దసారు తనిఖీకి వస్తున్నారు. విఫలమైన పథకం మీద మా కమిషనర్ గారి పేరు ఆయన కంట పడకూడదు. తీసుకెళదామంటే ట్రాక్టరు షెడ్డులో ఉంది. మీరే దీన్ని ఎక్కడన్నా పడుకోబెట్టండి. ఒక్క అక్షరం కూడా ఎవరికీ కనపడకూడదు. ఇది ఆదేశం."

"ఎవరికీ కనపడకూడదా అండీ?"

"ఎవరికీ."

"ఎన్నాళ్ళండీ?"

"శాశ్వతంగా."

"అట్టాగేనండీ" అంది కోటేశ్వరి.

ఆ సాయంత్రం పోలయ్య మిల్లు నుంచి నలుగురిని వెంటబెట్టుకొచ్చాడు. పక్కింటివాళ్ళు కూడా పాత గొడవ మర్చిపోయి గునపాలు పట్టుకొచ్చారు. మెల్లగా ఒరిగించి, తాళ్ళు వేసి, అక్షరాల వైపు కిందికి తిప్పి కాలువ మీద పడుకోబెట్టారు. కొలిచి చేయించినట్టు అతుక్కుంది. కమిషనర్ గారి పేరు, చదువు, బిరుదులు మురుగుకి ఎదురుగా తిరిగి ఉండిపోయాయి. కింద పోయే నీళ్ళకి చదువొస్తే చదువుకుంటాయి.

అప్పుడే ప్రసన్న ఆఫీసు నుంచి నవ్వలేక ఏడవలేక వచ్చింది.

"అక్కా, ఇవాళ మళ్ళీ వీడియో కాన్ఫరెన్సు. మ్యూజిక్ వీడియోల పని అయిపోయిందంట. ఇప్పుడు యువత వినేది పాడ్‌కాస్ట్‌లంట. మళ్ళీ జనరేటరు వేశారు. మా సారుకి 'పాడు కాస్త' అని వినపడింది. రేపట్నుంచి ఆఫీసుకి ఎవరొచ్చినా ముందు కాస్త పాడాలి."

"పాడనీలే. మనకేం పని ఇక అక్కడ" అంది సామ్రాజ్యం. వంగి, గ్రానైటు మీద అరచేత్తో రుద్ది చూసింది. "నున్నటి వైపు కిందకి పోవటం మంచిదైంది. గరుకు వైపు పైకుంది. పిల్ల జారదు."

కోటేశ్వరి పిల్ల నడుముకున్న చీర కొస విప్పింది. పండు నిలబడింది. అలవాటుగా కాలువ వైపు తిరిగింది. నడిచి, బండ ఎక్కి, నడిమధ్యన ఆగి, కిందికి చూసింది. కాలువ ఏమైందో అర్థం కాలేదు. ఒకసారి కాలెత్తి గట్టిగా తొక్కింది. మువ్వ మోగింది. ఇంకోసారి తొక్కింది.

"ఎటన్నా పోవే" అంది కోటేశ్వరి.

లోపలికి వెళ్ళి పొయ్యి మీద అన్నం పెట్టింది. బయట మువ్వలు బండ మీద అటూ ఇటూ తిరుగుతున్నాయి. రెండు కళ్ళతో గిన్నెలోకి చూస్తూ కూర్చుంది. ఆ పూట ఆ ఇంట్లో అన్నం మాడలేదు.